ఆకాశం ఎక్కువ, గోడ తక్కువ

నీలం నగర్, సోలాపూర్
జూన్

వదినకు,

యమున దండాలు. మొన్న అన్న ఫోన్ నీ చేతికిచ్చినప్పుడు "అన్న మోకాలు ఎట్లుంది వదినా" అని గొంతు చించుకుని అడిగాను. నువ్వు తీరిగ్గా "చింతపండు ఇంకా కొనలేదు" అన్నావు. మా సందులో అందరికీ అన్న మోకాలి సంగతి తెలిసిపోయింది, నీకు తప్ప. అందుకే ఇక ఫోన్ బంద్. ఉత్తరాలు రాసుకుందాం. మాట్లాడినట్టు రాస్తే మా తెలుగు బడి పంతులమ్మ వేళ్ల మీద కొట్టేది కాబట్టి పుస్తకం భాషలోనే రాస్తాను. నవ్వకు.

మా అమ్మాయి ఋతుజ పెళ్లయి పుణె వెళ్తూ తన పాత ఫోన్ నాకు వదిలిపోయింది. దానికి మాట వినబడదు, మనం మాట్లాడితే అవతలికి చేరదు. ఫోటోలు మాత్రం తీస్తుంది. నాకు మొగుడైన నీ తమ్ముడి కంటే నయం. ఆ లింగయ్యగారు ఈ మధ్య నేత కార్ఖానాలో రాత్రి పాళీకి మారాడు. ఆయన పొద్దున వచ్చి నాలుగు ముద్దలు తిని పడుకుంటాడు. నేను బీడీల చాట ముందేసుకుని కూర్చుంటాను. చప్పుడు చేయకూడదు. ఆయన లేచేసరికి నాకు వంట, నేను తీరుబడి అయ్యేసరికి ఆయనకు డ్యూటీ. ఒకే ఇంట్లో చెరో గదిలో కిరాయికి ఉన్నట్టున్నాం.

సాయంత్రం డాబా మీదికి వెళ్లి ఆ ఫోన్‌తో ఒక ఫోటో తీశాను. కాగితం మీద వేయించి పంపుతున్నాను. ఏమిటో చెప్పు చూద్దాం.

నీ ఆడబిడ్డ,
యమున

~

సిరిసిల్ల
జూన్ చివర

యమునకు,

వదిన దీవెనలు. నీ ఫోటో చేరింది. నాలుగు వైపులా తిప్పి చూశాను. ఒకవైపు తెల్లగా ఏమీ లేదు, ఇంకోవైపు నల్లగా ఏమీ లేదు. మీ అన్నకు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని వెలుతురుకెత్తి చూసి, "నా మోకాలి ఎక్స్‌రే యమున దగ్గరికి ఎట్ల పోయింది" అన్నాడు. పక్కింటామె మాత్రం అది ఇస్త్రీ చేస్తూ కాల్చిన తువ్వాల అని ఒట్టేసి చెప్పింది.

ఫోటో అంటే అందులో ఒక మనిషి ఉండాలి కదా. ఋతుజ పెళ్లి ఫోటోలు పంపమంటే పంపవు. ఇది పంపుతావు. నువ్వైనా నిలబడకపోయావా, పచ్చ చీర కట్టుకుని.

నా చెవి గురించి దిగులు పడకు. నేత సాంచాల మోత మధ్య పెళ్లాడి, పిల్లల్ని కని, పెంచిన చెవి. కొంచెం బద్ధకించింది, అంతే. ఇంట్లో కొడుకు, కోడలు, మనవలు, ఎప్పుడూ సందడే.

సావిత్రి

~

నీలం నగర్
జూలై

వదినా,

అది మా మేడ మీది నీళ్ల ట్యాంకు అంచు. మిగిలిందంతా ఆకాశం. అన్న మోకాలికి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఫోటోలు వేసే దుకాణం అమోల్ కూడా నీలాగే అడిగాడు. పిన్నీ అన్నట్టు, "కాకూ, ఇది పొరపాటున నొక్కినట్టున్నవు, తీసెయ్యనా?" అన్నాడు. వద్దన్నాను. "మరి ఎందుకు తీసినవు?" అన్నాడు. "ఉగిచ్" అన్నాను. ఊరికే అనడానికి ఇక్కడ అందరూ అలాగే అంటారు. సోలాపూర్‌లో ఈ ఒక్క మాటతో ఏ ప్రశ్ననైనా పంపించేయవచ్చు.

ఈసారి మూడు పంపుతున్నాను. ఒకటి రెండిళ్ల నడుమ సందు. పైకి చూస్తే ఆకాశం సన్నగా, అంచు లేని కండువాలా కనబడింది. ఇంకొకటి కట్టడం మధ్యలో ఆపేసిన ఇంటి మెట్లు. ఎక్కుతూ పోతే చివర గది లేదు, మబ్బు ఉంది. మూడోది నువ్వే కనుక్కో.

మనుషుల్ని ఎందుకు తీయనని అడిగావు. ఎవరైనా అడ్డం వస్తే ఆగుతాను, వాళ్లు వెళ్లాక తీస్తాను. వాళ్లుంటే ఫోటో ఎందుకు, పలకరిస్తే సరిపోతుంది కదా. ఇదివరకు మా అరుగు మీద నలుగురం కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం, గుర్తుందా. నువ్వు వచ్చినప్పుడు నీ చేత ఆకు కత్తిరింపజేసి, ఆకు పాడు చేశావని నవ్వాం. ఇప్పుడు ఒకామె కొడుకు దగ్గరికి భివండి పోయింది. ఒకామెకు కళ్లు ఆనడం లేదు. ఇంకొకామె టీవీ ముందు కూర్చుంటేనే చేతులు ఆడతాయంటుంది. నేను హాయిగా ఉన్నాను. అరుగంతా నాదే.

యమున

~

సిరిసిల్ల
ఆగస్టు

యమునా,

మూడోది ఏమిటో మా వీధిలో ఎవరూ చెప్పలేకపోయారు. పడవ అన్నారు, చెప్పు అన్నారు, మా చిన్న మనవడు అప్పడం అన్నాడు. మీ అన్న ఈసారి మాట్లాడలేదు, తన శరీరంలో ఏ భాగమో అని భయపడ్డట్టున్నాడు.

మొన్న వాన పడి కరెంటు పోయినప్పుడు నీ ఫోటోలన్నీ మంచం మీద వరసగా పరిచాను. రథం పండుగనాడు తీశానని నువ్వు తర్వాత పంపినదాన్ని కూడా పెట్టాను. ఊరంతా మార్కండేయుడి రథం వెనక నడుస్తుంటే నువ్వు వెనక సందులో నిలబడి, మనుషుల్లేని గోడను తీశావు. అన్నీ పక్కపక్కన చూస్తే ఒకటి తోచింది. మొదటి ఫోటోలో సగం ట్యాంకు, సగం ఆకాశం. తర్వాత్తర్వాత గోడ తగ్గిపోతోంది, ఆకాశం పెరిగిపోతోంది. పండుగనాటి దానిలో గోడ చిటికెన వేలంత ఉంది.

నేను చదువుకున్నదాన్ని కాదు. తప్పయితే తప్పని చెప్పు. నీకు అక్కడ పొద్దు పోతోందా?

సావిత్రి

~

నీలం నగర్
సెప్టెంబరు

వదినా,

పొద్దు పోవడం లేదా అని అడిగావు. ఇప్పుడు నాకు తల గోక్కునే తీరిక లేదు. ఏం జరిగిందో విను.

పోయిన వారం ఎదురింటి అంబాదాస్ డబ్బా నిండా పల్లీల శేంగా చట్నీ తెచ్చాడు. ఇన్నేళ్లలో ఆ మనిషి నాకు ఇచ్చింది చెత్తబండి వచ్చిందన్న కబురు ఒక్కటే. మరునాడు వాళ్లావిడ వచ్చి కూర్చుంది. ఆ మరునాడు మూలింటి వాళ్లు కడక్ భాకరి, ఆ ఎండు జొన్నరొట్టెల కట్ట, పట్టుకొచ్చారు. మధ్యాహ్నమైతే చాలు, అరుగు మీద ముగ్గురు నలుగురు. నీ తమ్ముడు లోపల పడుకున్నాడని అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. గుసగుసగా మాట్లాడితే ఏ మాటైనా రుచిగానే ఉంటుంది.

అసలు సంగతి అంబాదాస్ భార్య నోటినుంచి జారింది.

"అక్కా, మా బాల్కనీ జర రోడ్డు మీదికి వచ్చింది, ఒప్పుకుంటం. పోరగాళ్లకు చదువుకొనెతందుకు జాగ లేక కట్టినం. నువ్వు రాసేటప్పుడు జర చూసి రాయి."

"ఏం రాసుడు?"

"మాకెర్క లేదా. మునిసిపాలిటోళ్లు నిన్ను పెట్టుకున్నరంట గద, ఎక్కువ కట్టినోళ్ల ఇండ్లు ఫోటో తీసెతందుకు."

వదినా, నవ్వు ఆపుకోవడానికి నేను కొంగు నోట్లో పెట్టుకున్నాను. ఆమెకు అది రహస్యం దాచుకోవడంలా కనబడింది. "నేనేం మునిసిపాలిటీ మనిషిని కాదమ్మా" అన్నాను. "అట్లనే అనాలె మరి" అని కన్ను కొట్టి, తన చాట తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఆ రోజు మేం ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో.

ఒకసారి కాదన్నాను. రెండోసారి అనలేదు. నేను అబద్ధం చెప్పినట్టా?

యమున

~

సిరిసిల్ల
సెప్టెంబరు

యమునా,

చదివి నేను నవ్వుతుంటే మా కోడలు కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది.

అబద్ధం చెప్పావని అనను. కానీ వాళ్లు భయంతో వస్తున్నారు. భయపడేవాడు ఇవాళ చట్నీ తెస్తాడు, రేపు కర్ర తెస్తాడు. ఎవరి కడుపైనా మండకముందే నీ నోటితో నువ్వే చెప్పేయి.

చెప్పాక ఎవరూ రారేమోనని నీ భయం. ఆ సంగతి నువ్వు రాయలేదు, నేనే చదువుకున్నాను.

సావిత్రి

~

నీలం నగర్
అక్టోబరు

వదినా,

నువ్వన్నట్టే అయింది. కర్ర అంబాదాస్ తేలేదు, నీ తమ్ముడి సేఠ్ రాజారాం తెచ్చాడు. ఆయన కార్ఖానా పైన ఆయన ఇల్లు, ఆ ఇంటి పైన అనుమతి లేకుండా కట్టిన ఇంకో అంతస్తు. ఒక పొద్దున నీ తమ్ముడు డ్యూటీ దిగుతుంటే పిలిచి, "నీ భార్యకు ఆ ఫోటోలన్న బంద్ చేయమను, లేకుంటె నువ్వన్న రేపటినుంచి రాకు" అన్నాడట.

ఆయన ఇంటికొచ్చి పడుకోలేదు. పీట వేసుకుని నా ముందు కూర్చున్నాడు. ఋతుజ పెళ్లి అయినప్పటి నుంచి మేమిద్దరం పగటి వెలుతురులో ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదలు.

"ఏందే ఆ ఫోటోలు? నాకు జూపియ్యి" అన్నాడు.

నీకు పంపినవి కాక నా దగ్గరున్నవి తెచ్చి పరిచాను. ఒక్కొక్కటి తీసి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"రాజారాం సేఠ్ ఇల్లు ఏది ఇండ్ల?"

"లేదు."

"మరి మనిల్లు?"

"గా మూలకున్నది. పిట్టగోడ."

"నేను?"

"నువ్వు పండుకున్నవు. అన్నీ నువ్వు పండుకున్నప్పుడు తీసినయే."

ఫోటోలు ఒక్కొక్కటే ఏరి దొంతి పెట్టాడు వదినా. తర్వాత లేచి చొక్కా తొడుక్కుని, "ఐతారం నాడు అందర్ని పిలుద్దాం. నువ్వే చెప్పు. నేను పక్కన కూసుంట" అన్నాడు.

ఆదివారం మా ముందు గదిలో చాప పరిచి ఫోటోలన్నీ వరసగా పెట్టాను. సందులో వాళ్లంతా వచ్చారు. రాజారాం సేఠ్, ఆయన భార్య నర్సూబాయి కూడా వచ్చారు. అందరూ వంగి తమతమ ఇళ్లు వెతుక్కున్నారు. నేరం దొరుకుతుందేమోనని కాసేపు, దొరకడం లేదేమిటని కాసేపు. అంబాదాస్ అయితే అటూ ఇటూ తిరిగి, "మా బాల్కనీ యాడుంది? ఒక్క దాంట్ల గూడ లేదా?" అన్నాడు. చిన్నబుచ్చుకున్నట్టే ఉంది మొహం.

"నేను ఎవరి మనిషిని కాదు. ఏ ఆఫీసుకు ఏం రాయలె. మా వదినకు పంపుతున్న, అంతే" అన్నాను.

నర్సూబాయి ఒక ఫోటో చేతిలో పట్టుకుని అడిగింది. "అట్లైతే ఇవన్ని ఎందుకు తీసినవు యమునాబాయి?"

ఉగిచ్ అందామని నోరు తెరిచాను. రాలేదు.

"మాట్లాడెటోళ్లు లేకుంటె తీసిన" అన్నాను.

రాజారాం సేఠ్ గొంతు సవరించుకుని నీ తమ్ముడితో, "రేపు టైముకు రా" అన్నాడు. పని నిలబడింది. అందరూ చెప్పులు తొడుక్కుని ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. అంబాదాస్ భార్య చట్నీ డబ్బా ఖాళీ అయిందేమో చూసి తీసుకెళ్లింది.

అది జరిగి వారం దాటింది. అరుగంతా మళ్లీ నాదే. ఈసారి హాయిగా ఉన్నానని రాయను.

యమున

~

సిరిసిల్ల
అక్టోబరు

యమునా,

నువ్వు అంతమంది ముందు చెప్పగలిగావు. నేను కాగితం మీదనైనా చెప్పాలి కదా.

నా చెవి బద్ధకించలేదు. పోయింది. దసరా ముందే పూర్తిగా పోయింది. మిషన్ పెట్టినా పని లేదని డాక్టరు మీ అన్నతో చెప్పాడట. మీ అన్న నాకు పలక మీద రాసి చూపించాడు. నీకు చెప్పవద్దని నేనే మాట తీసుకున్నాను. ఫోన్‌లో చింతపండు అన్నానే, ఆ రోజే నాకు సగం సగం. నువ్వు ఉత్తరం రాస్తానంటే ఎంత సంతోషపడ్డానో నీకు తెలియదు.

ఇంట్లో సందడి అని రాశాను. అది నిజమే. అందరూ నా చుట్టూ కూర్చుని నవ్వుతారు. ఎందుకని అడిగితే "ఏం లేదు" అన్నట్టు చెయ్యి ఊపుతారు. వాళ్ల తప్పు కాదు. ప్రతి మాటా పలక మీద రాయడం ఎవరి వల్ల అవుతుంది. ఋతుజ పెళ్లి ఫోటోలు నీ మేనల్లుడు ఫోన్‌లో చూపించాడు. అందరూ నోళ్లు తెరిచి ఏదో అంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. నీ ఫోటోలు చూస్తే రాదు. అందులో ఎవరూ మాట్లాడరు. నాకు వినబడనిది అందులో ఏదీ లేదు. అందుకే వాటిని గోడకు అంటించుకున్నాను. వీధిలో వాళ్లంతా వచ్చి నాతోపాటు వేలు పెట్టి చూపిస్తూ పోట్లాడతారు. ఆ ఆటకు చెవి అక్కర్లేదు.

నీ ఒంటరితనం నాకు బాగా పనికొచ్చింది. తిట్టకు.

సావిత్రి

~

నీలం నగర్
నవంబరు

వదినా,

తిట్టాను. పైకే తిట్టాను, నీకు ఎలాగూ వినబడదు కదా అని. తర్వాత కూర్చుని ఏడ్చాను. నీ తమ్ముడు కంగారుపడి ఉత్తరం తీసుకుని చదివాడు. చదివి, ఆయన కూడా కొంచెం తిట్టాడు.

ఇక్కడి సంగతి. నిన్న మధ్యాహ్నం నర్సూబాయి వచ్చింది. సేఠ్ భార్య మా అరుగు దాకా రావడమే వింత. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ ఫోన్ తీసుకొని మా ఇంటికి నడువు" అంది.

"ఎందుకమ్మా?"

"మా పై అంతస్తు నువ్వు చూడలె గద."

మళ్లీ ఏం తగాదానో అనుకుంటూ వెళ్లాను. కింద సాంచాల మోతకు మెట్లు వణుకుతున్నాయి. ఎక్కుతున్నకొద్దీ మోత తగ్గింది. అందరూ దాచిపెట్టిన ఆ అంతస్తులో ఏముందనుకున్నావు? ఒక ఖాళీ గది. ఒక కుర్చీ. కొడుకుల కోసమని కట్టారట. పెద్దవాడు హైదరాబాద్‌లో, చిన్నవాడు వేరు పడ్డాడు. సేఠ్ ఉదయం నుంచి కిందే ఉంటాడు. ఈమె వంటయ్యాక పైకి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుందట.

"ఐతారం నాడు నువ్వు అందరి ముంగట అన్నవు గద ఆ మాట. నేను ఇంటికొచ్చి గిక్కడ కూసున్న. నాకు పెద్దిల్లున్నది, నేను అనరాదు" అంది.

నేను ఫోన్ తీసి కిటికీలోంచి ఒక ఫోటో తీశాను. తర్వాత ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. "నాకు రాదు" అంది. "నాకు మాత్రం వచ్చునా, నీ కంటికి ఏది నచ్చితె దానికి చూపెట్టి నొక్కు" అన్నాను. చాలాసేపు నిలబడి ఒకటే ఒకటి నొక్కింది. అప్పుడు చాయ్ పెట్టింది.

రెండు ఫోటోలూ పెడుతున్నాను. ఏది ఎవరిదో రాయడం లేదు. నీ గోడ మీద నీ ఇష్టం వచ్చినట్టు అంటించుకో.

అన్నట్టు నీ తమ్ముడు సేఠ్‌ను అడిగి వారం పగలు, వారం రాత్రి పాళీ చేయించుకున్నాడు. పగటి వారంలో సాయంత్రం ఇంట్లో ఉంటున్నాడు. చాట ముందు కూర్చుని బీడీ చుట్టడం నేర్చుకుంటానంటాడు. ఆకులన్నీ పాడు చేస్తున్నాడు. నీ తమ్ముడే, అనుమానం లేదు.

యమున

~

సిరిసిల్ల
నవంబరు

యమునా,

రెండు ఫోటోలూ పక్కపక్కన అంటించాను. ఎవరినీ అడగలేదు. చూడగానే తెలిసింది.

ఎడమది నీది. నువ్వు ఎంత ఆకాశం తీసినా ఎక్కడో ఒక మూల కిటికీ అంచో, పిట్టగోడో ఉంచుతావు. వీపు ఆనించుకోవడానికి ఏదో ఒకటి నీకు కావాలి. రెండోదానిలో అది లేదు. గోడ లేదు, తీగ లేదు, మబ్బు కూడా లేదు. ఒట్టి ఆకాశం. ఆమె నీకంటే చాలా ఏళ్ల ముందు నుంచి ఆ కుర్చీలో కూర్చుని ఉంది. నువ్వు రోజూ మధ్యాహ్నం చాట తీసుకుని ఆ మెట్లెక్కు. అరుగు ఎక్కడికీ పోదు.

నేనూ వస్తున్నాను. మీ అన్న వద్దంటాడు, చెవులు లేకుండా అంత దూరం ఒక్కదానివే ఎలా వెళ్తావని పలక నిండా రాశాడు. తుడిచేసి, "కళ్లతో పోత" అని రాసిచ్చాను. హైదరాబాద్‌లో బస్సు మారితే పొద్దున్నే సోలాపూర్ చేరుతుందట. వచ్చే ఆదివారం ఎస్టీ బస్టాండుకు రా. నర్సూబాయి వస్తే ఆమెను కూడా తీసుకురా.

జనంలో వెనక నుంచి వదినా అని పిలవకు. ఎదురుగా వచ్చి నిలబడు.

సావిత్రి